సింథసైజర్‌కి గమకం రాదంటారా?

ఏ మ్యూజిక్ సాఫ్ట్‌వేరైనా తీసుకోండి. ఊరికే దొరికేదైనా సరే, డబ్బులు పోసి కొన్నదైనా సరే, హాస్టల్ రోజుల్లో పక్క రూమువాడి దగ్గర "తెచ్చుకున్నదైనా" సరే :). కొత్త ప్రాజెక్ట్ అని నొక్కగానే పైన మూలన చాలామటుకు ఒకటే కనపడుతుంది. వేగం నిమిషానికి 120, తాళం 4/4. మీరింకా ఒక్క స్వరం కూడా వాయించలేదు. అప్పుడే మీ తరఫున ఎవరో రెండు నిర్ణయాలు తీసేసుకున్నారు.

దీని వెనక కుట్ర ఏమీ లేదు లెండి. మిడి ఫైల్ స్పెసిఫికేషన్ చదివితే అందులోనే ఉంటుంది... ఫైల్లో వేగం చెప్పకపోతే 120 అనుకోండి, తాళం చెప్పకపోతే 4/4 అనుకోండి అని. ఎవరో ఒకరు ఏదో ఒక అంకె పెట్టాలి కదా, పెట్టారు. కానీ డిఫాల్ట్ అనేదాని బలం ఏమిటో మన సాఫ్ట్‌వేర్ జనాలకి వేరే చెప్పక్కర్లేదు. ఎప్పుడో ఎవరో టైమ్‌అవుట్ 30 సెకన్లని రాసి వెళ్ళిపోతారు. ఆ మనిషి రెండు కంపెనీలు మారినా ప్రొడక్షన్లో ఆ 30 అలాగే ఉంటుంది. ఎందుకు 30 అని అడిగే నాథుడుండడు. అడిగినా "మొదట్నుంచీ అంతే" అంటారు.

ఈ టపాలో నేను చెప్పదలుచుకున్నదీ దాదాపు ఇదే. "సింథసైజర్ మీద మన సంగీతం పలకదు" అని మనవాళ్ళు తరచూ అంటూ ఉంటారు. నా ఉద్దేశంలో పలకనిది వాయిద్యం కాదు. మనం ఎవరమూ మార్చని డిఫాల్టులు.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. నాలుగేళ్ళు ఈసీఈ చదివి, హైదరాబాదులో జావా రాసుకుని బతుకుతున్న మామూలు ప్రాణిని. సంగీతం నేర్చుకోలేదు. సరళీ స్వరాల దగ్గరే మాస్టారికీ నాకూ చెడింది. నాలుగైదేళ్ళుగా రాత్రి పూట, ఆఫీసు కాల్స్ అయ్యాక, సింథ్‌లతో కాలక్షేపం చేస్తున్నాను. సామాను కూడా గొప్పదేం కాదు. 25 మీటల మిడి కంట్రోలర్ ఒకటి, సెకండ్ హ్యాండ్‌లో కొన్న కోర్గ్ వోల్కా బాస్ ఒకటి, ల్యాప్‌టాప్‌లో సర్జ్ ఎక్స్‌టీ అనే ఉచిత సింథ్, రీపర్ సాఫ్ట్‌వేర్. అంతే. డిగ్రీలో ఆసిలేటర్, లో-పాస్ ఫిల్టర్, కటాఫ్ ఫ్రీక్వెన్సీ అని బట్టీ పట్టి పరీక్షలు రాశాను గానీ, అవి చెవికి ఎలా ఉంటాయో తెలిసింది మాత్రం ఈ హాబీ వల్లే. కటాఫ్ నాబ్ మెల్లగా తిప్పుతుంటే గొంతులో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నవాడు ఆ ముద్ద మింగేసినట్టు ధ్వని తెరుచుకుంటుంది. ఆ సుఖం ల్యాబ్‌లో ఆసిల్లోస్కోప్ ముందు ఎప్పుడూ దొరకలేదు.

సరే, అసలు విషయానికొద్దాం. మీటల వాయిద్యం మీద ఈ తగవు కొత్తదేం కాదు. హార్మోనియంతోనే మొదలైంది. మీటకీ మీటకీ మధ్య ఉన్న చోటు దానికి అందదు, జారుడు రాదు, కంపితం రాదు, దాని శ్రుతులు మన శ్రుతులు కావు... ఇవీ అభియోగాలు. టాగోర్ కూడా దానికి వ్యతిరేకే. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. అంటే మూడు దశాబ్దాలు!

తమాషా ఏమిటంటే, అవే మూడు దశాబ్దాల్లో మన పద్య నాటకం నడిచింది హార్మోనియం మీదే. పద్యం చివర రాగం తీసేటప్పుడు నటుడి గొంతు వెనకాలే హార్మోనియం పరిగెత్తకపోతే వన్స్ మోర్‌లు పడేవి కావు. మా మావయ్య కుర్రతనంలో పశ్చిమ గోదావరి పల్లెల్లో నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. "గమకం గొంతులో ఉంటే పెట్టెలో లేకపోయినా నడిచిపోద్దిరా, రెండింట్లోనూ లేకపోతేనే చిక్కు" అంటాడు. ఇంత తేలిగ్గా తేల్చేశాడేమిటా అనిపించింది గానీ, ఆ మాటలో పెద్ద విషయమే ఉంది. హార్మోనియంలో లేనిదాన్ని మనవాళ్ళు గొంతుతో పూడ్చుకున్నారు. ఎందుకంటే ఆ పెట్టెలో మార్చడానికి పెద్దగా ఏమీ లేదు. రీడ్ ఒక్కసారి గీకి శ్రుతి చేస్తే ఇక అంతే. అది హార్డ్‌కోడెడ్.

మార్చడానికి వీలున్న వాయిద్యాలని మనవాళ్ళు ఊరికే వదల్లేదు. వయొలిన్ చూడండి. యూరప్ నుంచి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు. తెచ్చి ఉన్నదున్నట్టు వాడలేదు. తీగల శ్రుతి మారింది, స-ప-స-ప అయింది. నిలబడి గడ్డం కింద నొక్కిపట్టుకునేది కాస్తా, కింద కూర్చుని కొస పాదం మీద ఆనించి వాయించేదైంది. దాంతో ఎడమ చేతికి వాయిద్యాన్ని మోసే పని తప్పింది, తీగ మీద కిందికీ పైకీ జారడానికి స్వేచ్ఛ వచ్చింది. చెక్క అదే, తీగలవే, కమాను అదే. మారింది కాన్ఫిగరేషన్. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పేనాటికి దాన్ని విదేశీ వాయిద్యం అనేవాళ్ళు లేరు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే పాలకొల్లు. మా ఊరికి పాతిక కిలోమీటర్లు. అక్కడ 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ మేండలిన్ పట్టుకున్నాడు. మామూలు మేండలిన్‌కి ఎనిమిది తీగలు, జతకి రెండు చొప్పున నాలుగు జతలు. జంట తీగల్ని పక్కకి లాగి గమకం పలికించడం కష్టం. మీటిన ధ్వని కూడా ఇట్టే చచ్చిపోతుంది. ఆయనేం చేశాడంటే జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు వేసుకున్నాడు, ఎలక్ట్రిక్ చేశాడు. ఇక చూసుకోండి, తీగ సాగింది, ధ్వని నిలబడింది. 2014లో ఆయన పోయేనాటికి మేండలిన్ అంటే అదేదో ఇటలీ వాయిద్యం అన్న సంగతే మనకి గుర్తులేదు.

ఇప్పుడు సింథసైజర్ దగ్గరికి రండి. ఇందులో మార్చలేనిదంటూ దాదాపు ఏమీ లేదు. అయినా దీన్నే మనం మార్చలేదు. విచిత్రం కాదూ?

అసలు సింథ్‌కి మీటలుండాలన్న రూలే లేదు. 1960లలో అమెరికాలో ఇద్దరు విడివిడిగా సింథసైజర్లు తయారుచేశారు. ఒకరు రాబర్ట్ మూగ్, రెండో ఆయన డాన్ బుక్లా. మూగ్ దానికి పియానో మీటలు తగిలించాడు. బుక్లా మాత్రం నలుపు-తెలుపు మీటలు పెడితే జనం పాత సంగీతమే వాయిస్తారని, తాకితే పలికే పలకలు పెట్టాడు. మార్కెట్లో గెలిచింది మూగ్ పద్ధతి. ఆ గెలుపే మన డెస్కుల మీదికి 25 మీటలు, 49 మీటలుగా వచ్చి కూర్చుంది. అంటే పన్నెండు మీటల సప్తకం ఎలక్ట్రానిక్స్ పెట్టిన షరతు కాదు, మార్కెట్ పెట్టిన డిఫాల్ట్.

తర్వాతది మిడి. 1983లో వచ్చింది. సీక్వెన్షియల్ కంపెనీ డేవ్ స్మిత్, రోలాండ్ కంపెనీ ఇకుటారో కాకెహాషి పూనుకుని పోటీ కంపెనీలన్నిటినీ ఒక ప్రోటోకాల్ మీదికి తెచ్చారు. సెకనుకి 31,250 బిట్ల సీరియల్ లైన్, 16 ఛానళ్ళు, 0 నుంచి 127 దాకా స్వరాలు. నలభై ఏళ్ళు దాటినా ఆనాటి సింథ్ ఈనాటి ల్యాప్‌టాప్‌తో మాట్లాడుతుంది. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటే అదీ! మనం ఆర్నెల్ల క్రితం రాసిన ఏపీఐతో మనమే మాట్లాడలేం :)

ఈ 0-127 స్వరాల మధ్య చోటు లేదు కాబట్టి గమకం లేదు అని వాదించేవాళ్ళున్నారు. కానీ అదే ప్రోటోకాల్‌లో పిచ్ బెండ్ అని వేరే సందేశం ఉంది. స్వరానికి 7 బిట్లు ఇస్తే దీనికి 14 బిట్లిచ్చారు. 16,384 మెట్లు! మామూలుగా దాని పరిధి అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరాలు. ఇక్కడో చిన్న లెక్క చూడండి. అర్ధస్వరం 100 సెంట్లు అనుకుంటే, తోడి రాగంలో శుద్ధ రిషభం 100 దగ్గర, సాధారణ గాంధారం 300 దగ్గర, శుద్ధ మధ్యమం 500 దగ్గర ఉంటాయి. తోడి గాంధారం ఒక్కచోట నిలబడేది కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. 300 నుంచి కిందికి 200, పైకి 200. అంటే పిచ్ బెండ్ డిఫాల్ట్ పరిధి తోడి గాంధారానికి కొలిచి కుట్టించినట్టు సరిపోతుంది. ఎవరూ మనకోసం పెట్టింది కాదు, కాకతాళీయం. అయినా నాకు ఆ లెక్క కుదిరిన రాత్రి నిద్ర పట్టలేదు.

దీనికీ ఒక తిరకాసు ఉంది. పిచ్ బెండ్ ఛానల్ మొత్తానికి ఒకటే. ఒక స్వరాన్ని ఊపితే దాంతోపాటు మోగుతున్న షడ్జమం కూడా ఊగుతుంది. శ్రుతి ఊగితే ఇంకేముంది! అందుకే శ్రుతి ఒక ఛానల్లో, పాట ఇంకో ఛానల్లో పెట్టుకోవాలి. ఈ ఆలోచననే ఒక పద్ధతిలో పెట్టి, ప్రతి స్వరానికీ వేరే ఛానల్ ఇచ్చి 2018లో ఎంపీఈ అని ప్రమాణం చేశారు. 2020లో మిడి 2.0 వచ్చింది, అందులో స్వరం-స్వరానికీ విడిగా బెండ్ ఉంది. మీటల మధ్య చోటు లేదన్న అభియోగం సాంకేతికంగా 1983లోనే సగం చచ్చింది, ఇప్పుడు పూర్తిగా చచ్చింది.

"సాంకేతికం సరే, సంగీతం పలికిందా?" అనొచ్చు. పలికింది. "కీబోర్డ్" సత్యనారాయణన్ చెన్నైలో కీబోర్డు మీద పూర్తి స్థాయి కర్ణాటక కచేరీలు చేస్తున్నాడు. కుడి చెయ్యి మీటల మీద, ఎడమ చెయ్యి పిచ్ బెండ్ మీద. ఆ ఎడమ చెయ్యి చూడండి, వైణికుడి ఎడమ చేతి పనే చేస్తుంది.

ఇంకా వెనక్కి వెళితే చరణ్‌జిత్ సింగ్ ఉన్నాడు. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే మనిషి. 1982లో రోలాండ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808 పెట్టుకుని పది హిందుస్తానీ రాగాలతో ఒక రికార్డు చేశాడు. డిస్కో బీట్ మీద తోడి, యమన్, మాల్కౌంస్! అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచం ఉలిక్కిపడింది. ఎందుకంటే 1987లో షికాగోలో పుట్టిందనుకున్న ఆసిడ్ హౌస్ సంగీతంలాగే అది వినపడింది. నా గమనిక ఒక్కటే. టీబీ-303లో స్లయిడ్ అని ఒక సదుపాయం ఉంది, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. రాగం తెలిసిన మనిషి చేతిలో పడేసరికి ఆ జారుడు ఇంకోలా పలికింది. అయితే ఆయన కూడా స్వరం వైపు డిఫాల్ట్ మార్చాడు గానీ, తాళం వైపు మార్చలేదు. పది రాగాలకీ కింద అదే డిస్కో దరువు.

ఇప్పుడు తాళం సంగతి. ఇది మా ఇంట్లో జరిగింది.

పోయిన ఏడాది మా చెల్లి పెళ్ళి. మా అమ్మ అప్పగింతల పాట ఒకటి పాడుతుంది. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది. పుస్తకంలో నాకెక్కడా కనపడలేదు, అమ్మ దగ్గరా రాసిన కాగితం లేదు. మా ఇళ్ళల్లో ఇప్పుడది మొత్తం వచ్చినది అమ్మకొక్కదానికే, ఆవిడక్కూడా చివరి చరణాలు సరిగ్గా గుర్తులేవు. పెళ్ళి వీడియోకని మా పెద్దమ్మ కొడుకు అన్నయ్య ఫోన్లో అమ్మ పాట రికార్డు చేసి, దానికి బీటు కొట్టించి పట్టుకొచ్చాడు. ప్రేమతో చేసిన పనే. గొంతుని పిచ్ కరెక్షన్‌లో వేశాడు, మాటల్ని ముక్కలు చేసి 4/4 గడుల్లో అతికించాడు. నలుగురూ బాగుందన్నారు. అమ్మ రెండుసార్లు వింది. "బాగానే ఉంది నాన్నా... ఎవరో వెనకనించి తరుముతున్నట్టుంది" అంది. అంతే, ఇంకేం అనలేదు.

నేను ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. ఎవరు తరుముతున్నారు?

మావయ్యకి ఫోన్లో వినిపిస్తే ఆనందభైరవి అన్నాడు, మిశ్ర చాపు అన్నాడు. అంటే ఏడు. మూడూ-రెండూ-రెండు. ఆ ఏడుని ఎనిమిది గడుల్లో సర్దాలంటే ఎక్కడో ఒక చోట ఖాళీ పెట్టాలి లేదా అక్షరం సాగదీయాలి. పాటంతా ప్రతి ఆవర్తంలోనూ అదే. ఇక పిచ్ కరెక్షన్ అమ్మ గాంధారాన్ని చూసి ఏమనుకుంటుంది? కదులుతున్న స్వరాన్ని "తప్పు" అనుకుంటుంది. దగ్గర్లో ఉన్న మీటకి లాగి కట్టేస్తుంది. తరిమినది అన్నయ్య కాదు, డిఫాల్టులు.

పెళ్ళి హడావుడి అయ్యాక అమ్మని ఇంకోసారి పాడమన్నాను. క్లిక్ పెట్టలేదు, హెడ్‌ఫోన్లు పెట్టలేదు. మధ్యాహ్నం ఫ్యాన్ ఆపేసి, వంటింటి గట్టు మీద మైకు పెట్టి, ఆవిడ ఎలా పాడితే అలా. తర్వాత ముందు శ్రుతి కొలిచాను. ఐదు శ్రుతి కంటే పైన, ఐదున్నర కంటే కింద. సరిగ్గా చెప్పాలంటే ఐదుకి 40 సెంట్లు పైన. హార్మోనియమైతే "అమ్మా, కొంచెం కిందికి రండి" అనాలి. సింథ్‌లో ఫైన్ ట్యూన్ అనే నాబ్ ఉంది. ప్లస్ 40 పెట్టాను. షడ్జమం, పంచమం, పై షడ్జమం... మూడు ఆసిలేటర్లు, ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడాతో, ఫిల్టర్ని చాలా నెమ్మదిగా ఊపితే తంబూరా కాదు గానీ తంబూరాకి తోబుట్టువులాంటి ధ్వని వచ్చింది.

తర్వాత తాళం. నాలుగు నిమిషాల పాటలో సుమారు 80 ఆవర్తాలు. ప్రతి ఆవర్తం మొదట్లో రీపర్‌లో ఒక టెంపో మార్కర్. రెండు రాత్రుల పని. అంటే పాటని గడుల్లో పెట్టడం కాదు, గడులనే పాట వెంట నడిపించడం. అయిపోయాక ఆ అంకెలు చూస్తే ముచ్చటేసింది. నిమిషానికి 132 అక్షరాల నుంచి 150 దాకా అమ్మ వేగం మారుతోంది. ఇష్టమొచ్చినట్టు కాదు. పెళ్ళికూతురి పేరు వచ్చిన ప్రతిసారీ తగ్గుతోంది, అత్తవారి వర్ణన వచ్చినప్పుడు పెరుగుతోంది. లయ తప్పుతోందని ఏ సాఫ్ట్‌వేరైనా అనే చోటే ఆ పాట అసలు విషయం చెబుతోంది.

చివరికి వోల్కా. దానికి 16 స్టెప్పులు. యాక్టివ్ స్టెప్ అని ఒక సదుపాయంతో చివరి రెండు దీపాలు ఆర్పేశాను. మిగిలింది 14, అంటే ఏడు రెళ్ళు. మిడి క్లాక్ క్వార్టర్‌కి 24 టిక్కులు పంపుతుంది, ల్యాప్‌టాప్ ఎలా తగ్గితే ఇదీ అలా తగ్గుతుంది. సన్నగా మూడే మూడు దెబ్బలు, మూడూ-రెండూ-రెండు. జపాన్‌లో ఎవరో టెక్నో కుర్రాళ్ళకోసం చేసిన పెట్టె, మా అమ్మ ఆగిన చోట ఆగుతోంది, ఆవిడ నడిచినప్పుడు నడుస్తోంది.

అమ్మకి వినిపించాను. "ఇది బాగుంది" అని కూడా అనలేదు. కళ్ళు మూసుకుని వింది, పాట అయిపోయాక కూడా శ్రుతి ఇంకా మోగుతుంటే దానిమీద ఇంకో చరణం అందుకుంది. రికార్డులో లేనిది. "ఇది ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయిందో" అంది. గబగబా ఫోన్ ఆన్ చేశాను. ఇప్పుడు ఆ పాటకి నాలుగు చరణాలు.

ఇక మీరు అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు.

ఒకటి: ఇంత కష్టం దేనికి, వీణో ఫ్లూటో నేర్చుకోవచ్చుగా? నేర్చుకోవచ్చు. నేర్చుకునేవాళ్ళకి దణ్ణం. కానీ ఈ రోజు మన పిల్లలు సంగీతాన్ని మొట్టమొదట తాకేది వీణ మీద కాదు, ఫోన్లో కీబోర్డు యాప్ మీద. అందులో ఏడు గడుల తాళం కనపడకపోతే, ప్రపంచంలో ఏడు అనేదే లేదనుకుంటారు.

రెండు: 4/4 అంటే నాకు చులకనా? అయ్యో, కాదండీ. శుక్రవారం రాత్రి నేను చేసుకునేది అచ్చమైన టెక్నో. నాలుగు దెబ్బల బాస్ డ్రమ్‌లో ఉన్న సుఖం దానిదే. ఎంచుకుని చేసిన 4/4 వేరు, అడగనందుకు వచ్చిన 4/4 వేరు.

మూడు: ఇప్పుడు ఏఐకి చెబితే క్షణాల్లో పాట చేసి పెడుతోందిగా? పెడుతోంది. నేనూ "ఆనందభైరవి, మిశ్ర చాపు" అని అడిగి చూశాను. నాకు వచ్చినవి మాత్రం వినసొంపైన 4/4 పాటలే. ఎక్కువ ఏది విన్నదో అదే పాడుతుంది, దాని ధర్మం అది. మనం వినిపించని పాట అది ఎక్కణ్ణించి తెస్తుంది? డిఫాల్ట్‌ని మార్చే మనుషులు లేకపోతే, రాబోయే యంత్రాలు ఆ డిఫాల్ట్‌నే ఇంకా గట్టిగా బిగిస్తాయి.

ఇలాంటి పోరాటం మనం ఇంతకుముందు ఒకసారి గెలిచాం. కంప్యూటర్‌లో తెలుగు రాదనేవాళ్ళు ఒకప్పుడు. ఆ రోజుల్లో నేను చిన్నపిల్లాణ్ణి గానీ, ఆర్‌టీఎస్‌లో తెలుగు టైపు చేసిన పెద్దలు ఇది చదువుతుంటే వాళ్ళకి తెలుసు. యంత్రానికి తెలుగు రాకపోవడం కాదు, దానికి ఎవరూ నేర్పకపోవడం. యూనికోడ్‌లో చోటు, ఆ తర్వాత ఫాంట్లు, లేఖిని లాంటి పనిముట్లు, ఎందరో పైసా ఆశించకుండా రాత్రిళ్ళు కూర్చుని చేసిన పని... వాటివల్ల ఇవాళ ఒత్తులూ గుణింతాలతో ఈ టపా రాయగలుగుతున్నాను. అక్షరానికి జరిగింది స్వరానికీ తాళానికీ జరగాలి. అది జరగాలంటే సంగీత విద్వాంసులు మాత్రమే చాలరు. స్పెసిఫికేషన్ చదవగలిగినవాళ్ళు, స్క్రిప్టు రాయగలిగినవాళ్ళు కావాలి. అంటే మనం.

ఏం చెయ్యొచ్చు? పెద్దవేం కాదు. మిశ్ర చాపుకీ ఖండ చాపుకీ ప్రాజెక్ట్ టెంప్లేట్లు చేసి పంచొచ్చు. శ్రుతి మార్పుకి స్కాలా ఫైలు అని మామూలు టెక్స్ట్ ఫైలుంటుంది, సర్జ్ లాంటి సింథ్‌లు దాన్ని చదువుతాయి. కీబోర్డులో అంతర గాంధారం 400 సెంట్ల దగ్గరుంటే, శుద్ధమైన 5:4 నిష్పత్తిది 386 దగ్గర ఉంటుంది. ఆ 14 సెంట్ల తేడా ఒకసారి తంబూరా శ్రుతి మీద విని చూడండి, ఇక మీ చెవి మీ మాట వినదు. ఆ ఫైలు రాయడానికి పది నిమిషాలు చాలు. టెంపో మార్కర్ల పని చేతితో రెండు రాత్రులు పట్టింది, దానికో స్క్రిప్టు రాస్తున్నాను. సగం పనిచేస్తోంది, మిగతా సగం మీలాగే నాకూ వీకెండ్ రావాలి :)

అన్నిటికన్నా తేలికైనది ఒకటుంది, దానికి సింథ్ కూడా అక్కర్లేదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ అమ్మగారినో, నాయనమ్మగారినో ఒక పాట పాడమనండి. క్లిక్ పెట్టకండి, సరిదిద్దకండి. ఫ్యాన్ మాత్రం ఆపండి. ఆవిడ శ్రుతి ఎంతో కొలవండి. అది ఏ మీట మీదా పడదని పందెం.